పైకప్పు లేని వంటగది

“ఇంట్లోనే కదా ఉంటుంది మీ అమ్మ, ఆమెకేం పని?” అనేవాడు నాన్న. ఆయన బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి పేపరు విప్పాడంటే మళ్లీ పడుకోబోయేదాకా ఆయన ముఖం మాకు కనిపించేది కాదు. చూపు మందగించిన నానమ్మ పొయ్యి పక్కన కూర్చునేది. ఆమెకు స్నానం చేయించి, బట్టలు తొడిగి, మా నలుగురు పిల్లల బట్టలుతికి, బొగ్గు మోసి, గిన్నెలు తోమి, అమ్మ చేతులు ఎప్పుడూ ఎర్రగా తడితడిగా ఉండేవి. పెళ్లికి ముందు ఆమె బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసింది. పెళ్లయితే ఆడది ఉద్యోగం మానేయాలన్నది అప్పటి ఆనవాయితీ. ఆ రోజుల సంగతి ఎత్తితే చాలు, “బిస్కెట్లు డబ్బాల్లో సర్దడం కూడా ఒక ఉద్యోగమేనా తల్లీ!” అని నానమ్మ నవ్వేది.

నాకు పదకొండేళ్లప్పుడు డబ్లిన్ నగరం మా టాలా ఊరి పొలాల మీదికి వచ్చిపడింది. ఆవులు మేసిన చోట ఇళ్ల వరసలు లేచాయి. ఇంకా కిటికీలకు అద్దాల్లేవు, పైన కప్పుల్లేవు. కూలీలు వెళ్లిపోయాక వాటి మధ్యకి పొగమంచు దిగేది. అందులో ఎవరో ఆడమనిషి పాడుతోందని మొదట చెప్పింది ఎదురింటి అట్రాక్టా.

“దయ్యమేనే ఫిడెల్మా! పాత రైతు ఇల్లు కూలగొట్టారుగా, ఆ ఇంట్లో చచ్చిపోయిన ముసలమ్మ. తన ఇల్లు వెతుక్కుంటోంది.”

“నువ్వు చూశావా?”

“చూస్తే ఇట్లా నిలబడి నీతో కబుర్లు చెబుతానా?”

నవంబరులో ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ ఇద్దరం వెళ్లాం. నిజంగానే పాట వినిపించింది. మాటలు తెలియడం లేదు, గోడలే సన్నగా మూలుగుతున్నట్టుంది. అట్రాక్టా నా చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. ఆ గొంతుకి వీపు తిప్పడానికి భయమేసి నేను ముందుకే నడిచాను.

రేపు ఎవరికో వంటగది కాబోయే గదిలో, బోర్లించిన సిమెంటు బాల్చీ మీద, మా అమ్మ కూర్చుని ఉంది. కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుంది. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పడున్నాయి. నన్ను వణికించింది ఆ చేతులే. అవి కదలడం లేదు. నాకు ఊహ తెలిశాక ఆ చేతులు ఊరికే ఉండడం నేను చూడలేదు. చచ్చిపోయిందేమో అనుకున్నాను, కానీ పెదవులు పాడుతున్నాయి.

తలెత్తి నన్ను చూసింది. పరాయి పిల్లను పలకరించినట్టు, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఎవరి అమ్మాయివి పాపా?”

నీ అమ్మాయినే అనడానికి నోరు రాలేదు. అంటే ఆ చేతులు ఉలిక్కిపడి లేచి మళ్లీ పనిలో పడతాయనిపించింది.

“ఇక్కడిదాన్నేనండీ,” అన్నాను.

“చీకటి పడకముందే వెళ్లు తల్లీ. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది.”

ఆ మాట ఆమె తెలిసి అందో, తెలియక అందో, ఆమె చనిపోయేదాకా నేను ఎప్పుడూ అడగలేదు.

ఇంటికి పరుగెత్తాను. అమ్మ లేదని తెలిస్తే గొడవవుతుందని ఆమె ఆప్రాన్ కట్టుకుని బంగాళాదుంపలు ఉడకేశాను, సాసేజీలు వేయించాను. పేపరు వెనక నుంచి నాన్న చెయ్యి చాపాడు. టీ అందించాను.

“వేడిగా ఇచ్చి చావలేవా బ్రీజ్?” అన్నాడు.

బ్రీజ్ మా అమ్మ పేరు. తమాషాకి అన్నాడేమో, నవ్వుతాడేమో అని నిలబడ్డాను. పేపరు ఇంకో పేజీ తిరిగింది. నానమ్మకి శాలువ కప్పబోతే నా మణికట్టు తడిమి, “చిక్కిపోయావేమే కోడలా!” అంది. ఆఖరి తమ్ముడు కంచంలోంచి తలెత్తకుండా, “అమ్మా, ఇంకో రొట్టె,” అన్నాడు.

“తెస్తున్నా,” అన్నాను. వచ్చిన గొంతు అమ్మది. గోడకున్న అద్దం వైపు చూడడానికి ధైర్యం చాల్లేదు.

వెనక తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఎంతసేపైందో తెలియదు. కోటు మీద సిమెంటు దుమ్ము. తిన్నగా నా వెనక్కి వచ్చి ఆప్రాన్ ముడి విప్పింది.

“ఇది ఫిడెల్మా,” అంది అందరికీ వినబడేలా.

అప్పుడు దిగింది పేపరు. నాన్న మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది.

“ఎక్కడికెళ్లావు?”

“రోజూ వెళ్తున్నా లోర్కన్. నీకు తెలియలేదు. సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్తాను. సాయంత్రం షిఫ్టుకి పెళ్లైనవాళ్లని తీసుకుంటున్నారు.”

“పెళ్లాన్ని పోషించలేనివాణ్ననుకోరూ వీధిలో? పోనీ, ఇంట్లో మా అమ్మనీ పిల్లల్నీ ఎవరు చూస్తారే?”

అమ్మ ఆప్రాన్‌ని మడిచి ఆయన టీ కప్పు పక్కన పెట్టింది.

“ఎవరో ఒకరు చూసుకోండి,” అంది. “ఈ పిల్ల మాత్రం కాదు.”