సొన మచ్చ

నాంచారమ్మ అప్పటికే రెండో కాయల గుట్ట దగ్గర కూర్చుంది. కాయను ఎడమచేత్తో పట్టి, కుడిచేత్తో తొడిమ తుంచి, సొన మొహాన చిమ్మేలోపే గడ్డి మీద బోర్లించడం ఆమె పని. సొన పూర్తిగా కారితేనే కాయ ట్రేలోకి వెళుతుంది, లేకపోతే తొక్క మీద నల్ల చారలు పడతాయి. నూజివీడు చుట్టుపక్కల మామిడి షెడ్లలో ఏ ఆడమనిషి చేతులు చూసినా సొన కాలిన మచ్చలే. నాంచారమ్మ ముంజేతుల సంగతైతే చెప్పనక్కర్లేదు. మనిషి పొట్టి, మాట తక్కువ. పదిమందిలో ఉంటే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు.

ఆ చూడకపోవడమే ఆమెకు కావాలి. రవికలో ఎడమవైపు ఉన్నది పాత చీరగుడ్డతో కుట్టుకున్న ఉండ అని షెడ్డులో ఒక్క రత్తాలుకే తెలుసు. మిగతావాళ్ళ లెక్కలో ఆమె చేయించుకున్నది కడుపులో గడ్డ ఆపరేషన్.

అన్నాలవేళ ఆశా కార్యకర్త వెంకటలక్ష్మి వచ్చి పక్కకు పిలిచింది. విజయవాడ నుంచి మేఘన అనే అమ్మాయి వచ్చి, సెలవులకు మూసిన బళ్ళో కూర్చుందట. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు దాన్ని ఎలా కనిపెట్టారో, ఏమేం బాధలు పడ్డారో వాళ్ళ నోటితోనే వింటారట. పరిశోధన కోసమట.

"నీకిష్టమైతేనే పిన్నీ. పేరు కూడా రాయరు," అంది వెంకటలక్ష్మి.

నాంచారమ్మ కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేసింది. ఆపరేషన్ కోత గురించి, ఊడిన జుట్టు గురించి, మంచం పక్కన కూర్చుని చెయ్యి నొప్పెట్టేదాకా విసనకర్రతో విసిరిన మొగుడు మల్లయ్య గురించి ఎంతసేపైనా చెప్పగలదు. కానీ ఇంత ఆలస్యం ఎందుకు చేశావని అడిగితే? జవాబుంది. అది చెబితే చదువుకున్నవాళ్ళు నవ్వుతారు.

రత్తాలు ఆమె మొహం చూసి కనిపెట్టేసింది. వెళ్ళిరా, నీ గుట్ట నేను చూసుకుంటానంది. రత్తాలే లేకపోతే తనీపాటికి మట్టిలో ఉండేదని నాంచారమ్మ అనుకోని రోజు లేదు. లేచింది.

మేఘన నెమ్మదస్తురాలు. మంచినీళ్ళిచ్చింది. మధ్యలో చాలనిపిస్తే లేచి వెళ్ళిపోవచ్చని చెప్పింది. చివరికి ఆ ప్రశ్న అడగనే అడిగింది.

"సొన అనుకున్నానమ్మా," అంది నాంచారమ్మ. "కాయలు ఒళ్ళో పోసుకుని గుండెలకి ఆనించి మోస్తాం. సొన రవికలోకి దిగుద్ది, కాలుద్ది. అందరికీ అంతే. అక్కడ ఎర్రగా తేలి తోలు గట్టిపడితే కొబ్బరినూనె రాసుకున్నాను. కాపు అయిపోయినా రాస్తానే ఉన్నాను."

"చూసుకోలేదా అండీ?"

"ఏడ చూసుకుంటాం? చీకటుండగానే తడిక చాటున, ఒంటి మీద చీరతోనే నాలుగు చెంబులు పోసుకోటం, పనికి పరిగెత్తటం. రవిక మార్చుకుంటంటే రత్తాలు చూసింది. సొన కాలింది వానలు పడేసరికి మానాల, ఇది సొన కాదే అని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళింది."

మేఘన నవ్వలేదు. చెప్పింది చెప్పినట్టే రాసుకుంది. సొన అనుకునే ఆగిపోయినవాళ్ళు ఇంకా ఉంటారేమోనండీ, అంది.

నాంచారమ్మ తిరిగొచ్చేసరికి షెడ్డులో కొబ్బరినూనె సీసా చేతులు మారుతోంది. పడుచు పిల్ల ప్రియాంక పైట చాటున చెయ్యి పెట్టి రాసుకుంటోంది. నాంచారమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ తన సిగ్గు తను కాపాడుకుందే గానీ, ఈ పిల్లల మొహాలు చూడలేదు.

"నాకు కోసింది కడుపు కాదే," అంది, అందరికీ వినపడేట్టు.

మొత్తం చెప్పింది. గుట్టల దగ్గర చేతులు ఆగాయి. మేస్త్రీ రాయప్ప లారీ చూసే మిషతో బయటికి నడిచాడు. ఒకావిడ వచ్చి ఆమె పక్కన కూర్చుని ఆమె గుట్టలో కాయలు తీయడం మొదలెట్టింది. నాంచారమ్మకు కళ్ళు నిండాయి. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని కదా అనుకుంది. మర్నాడు ప్రియాంకను వెంకటలక్ష్మి పరీక్షకు తీసుకెళ్ళింది. ఆ పిల్లది నిజంగా సొనే అని తేలాక షెడ్డంతా నవ్వుకున్నారు, అందరికంటే ఎక్కువగా నాంచారమ్మ.

అది తేలిన సాయంత్రమే నాంచారమ్మ షెడ్డుకు ఎదురుగా ఉన్న గాజుల కొట్లో అద్దం కొని, ఆడవాళ్ళు చీరలు మార్చుకునే తడికల గదిలో రాయప్ప చేత మేకు కొట్టించింది. మరీ కిందికి కొట్టమంటున్నావని అతను సణిగితే, అక్కడే కొట్టమంది.

మరుసటేడు జబ్బు ఎముకల్లోకి తిరిగొచ్చింది. చిన్నరసాలు పండే రోజుల్లో ఒక పొద్దున రత్తాలు రసం పిండి నోట్లో పోస్తే రెండు గుక్కలు మింగింది. "ఈ కాపు కూడా తిన్నానే, నీ పుణ్యాన," అంది. మల్లయ్య తువ్వాలు తడిపి తెచ్చేలోగా వెళ్ళిపోయింది.

తడికల గదిలో అద్దం అలాగే ఉంది. బొట్టు దిద్దుకోవాలంటే మోకాళ్ళు వంచాలి గనక అందరూ విసుక్కుంటారు, మేకు మాత్రం ఎవరూ మార్చరు. రవిక విప్పి నిటారుగా నిలబడితే అందులో గుండెలు సరిగ్గా ఎదురుగా కనపడతాయి.