టేపు దగ్గదు

“పాట నడుమ దగ్గకు. టేపు దగ్గదు,” అన్నాడు మా ఆయన పర్శరాములు, చాయ్‌లో బ్రెడ్డు ముంచుకుంటూ. నేను కండెలు చుడుతున్నాను. మరమగ్గంలో అడ్డంగా పరుగెత్తే నూలంతా ముందు నా చేతుల మీదుగా కండెలకు ఎక్కాలి. ఆ నూలు దుమ్ము వల్లే నాకీ దగ్గు. పెళ్ళయి ఈ మరాఠీ ఊరు నార్పోలికి వచ్చిన ఏడు మొదలైంది, మళ్ళీ పోలేదు. కండెలూ చుట్టాలి, దగ్గనూ కూడదు. బాగానే ఉంది సంబడం.

మరునాడు శుక్రవారం, మగ్గాలు బంద్. మా సమాజం హాల్లో ఒక పాత సినిమాను పాటల నాటకంగా ఆడబోతున్నారు. జమీందారు కొడుకు ఒక పిల్ల ప్రేమ కోసం బస్సు కండక్టరు వేషం వేస్తాడు. వాడెవడో ఆ పిల్లకు మొదటి రోజే తెలుసు, అయినా తెలియనట్టు రోజూ బస్సెక్కుతుంది. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన మావాళ్ళందరూ చిన్నప్పుడు డేరా టాకీసులో చూసి నవ్వుకున్నదే. మన పిల్లలు హిందీ పాటలకే ఎగురుతున్నారు, మన పాట మనం వినిపిద్దామని మగవాళ్ళు ఉత్సాహపడ్డారు. తీరా చూస్తే ఒక్కరికీ పల్లవి దాటి రాదు.

నాకు వచ్చు. మా నాయన ఆ డేరా దగ్గర గేటు కాసేవాడు. నేను తెర ముందు ఇసుకలో కూర్చుని, ఆ సినిమా ఆడినన్నాళ్ళూ చూశాను. కండెలు చుడుతూ నేను మాటలు చెప్పేదాన్ని, మా ఆయన అవి మగ్గాల షెడ్డుకు తీసుకుపోయి అందరికీ నేర్పేవాడు. సినిమాలో ఉన్నవన్నీ స్టేజీ మీద కుదరవు కదా. ఏది తీసేయాలో, బస్సు లేకుండా బస్సు ఎలా చూపించాలో కూడా నేనే చెప్పాను. మగ్గం చట్రానికి కోరా బట్ట చుట్టి బస్సు చేశారు. హాలు బయట బ్యానరు కట్టారు. “రచన, దర్శకత్వం, కథానాయకుడు: పర్శరాములు.” మరాఠీ బడిలో చదివే మా సోనాలి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివి, “అమ్మా, తుఝ నావ్ కుఠే? నీ పేరేది?” అని అడిగింది. “లోపల ఉంటదిలే,” అన్నాను. ఎక్కడి లోపలో నాకే తెలియదు.

హీరోయిన్ వేషం కనకయ్యది. పక్క మగ్గం నడుపుతాడు, నడుము సన్నగా ఉంటుందని ఎంచారు. కట్టుకోవడానికి నా పెళ్ళి చీర. “జాగ్రత్తగ కట్టుకుంట వదినా,” అని పాపం ఎంతో మర్యాదగా తీసుకుపోయాడు. గొంతు మాత్రం అరువు దొరకదు కదా. అందుకని హీరోయిన్ పాటలు నేను స్టేజీ పక్క పరదా వెనుక నుంచి పాడాలని తీర్మానం.

“నేను పాడుతున్నట్టు చెప్తవా?” అని మా ఆయనను అడిగాను.

“ఏంది, ఇంటి ఆడిది నాటకంల పాడుతున్నదని దండోరా ఎయ్యాల్నా? టేపు పెడుతున్నమని చెప్పిన అందరికి,” అన్నాడు.

కోపం వచ్చింది. చేతిలో కండె తీసి నెత్తిన కొడదామన్నంత కోపం. కానీ పాడాలన్న ఆశ అంతకన్నా పెద్దది. చిన్నప్పటి పాటలు గొంతు విప్పి ఎన్నేళ్ళయిందో. టేపంటే టేపే అయ్యాను.

ఇక్కడ మా అత్త మల్లవ్వ సంగతి చెప్పాలి. మగ్గాల చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకే షెడ్లలో అందరూ గొంతు లేకుండా, పెదాలతోనే మాట్లాడుకుంటారు. ఈ కొసన ఉన్నవాడు తిడితే ఆ కొసన ఉన్నవాడికి తెలిసిపోతుంది. మా అత్త ఆ చప్పుడులోనే ముసలిదైంది, చెవులు పూర్తిగా పోయాయి. ఎవరి పెదాలు కదిలినా చదివేస్తుంది. చదివినదాన్ని పైకి అనేస్తుంది కూడా, ఎంత గట్టిగా అంటున్నదో ఆమెకు తెలియదు. మా ఇంట్లో రహస్యాలు నిలవకపోవడానికి కారణం అదే.

శుక్రవారం మధ్యాహ్నానికి హాలు నిండిపోయింది. మొదటి పాట పాడాను. పరదా సందులోంచి చూస్తే ముందు వరుసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. “టేపు మంచిగున్నది,” అన్నారెవరో. నా పాట విని వాళ్ళు ఏడుస్తున్నారు, నా పాట అని మాత్రం తెలియదు. దగ్గు తన్నుకొచ్చింది. మింగేశాను.

రెండో పాట మొదలైంది. “ఊరడగకు కండక్టరూ, దిగే చోటు నే చెబుతా...” అని నేను ఎత్తుకున్నాను. కనకయ్యకు మాటలు గుర్తులేవు. నోరు ఊరికే తెరిచి మూస్తున్నాడు. వేరే ఊరి జనమైతే పట్టుకునేవాళ్ళు కాదేమో. వీళ్ళు పెదాలు చదివే జనం.

“నోరొక దిక్కు, పాటొక దిక్కు!” అని హాలంతా గొల్లున నవ్వింది.

మా ఆయన కంగారుపడ్డాడు. పరదా సందు వైపు తిరిగి, నేను షెడ్డుకు కండెలు తీసుకుపోయినప్పుడు పనులు పురమాయించినట్టే, గొంతు లేకుండా పెదాలతో ఏదో చెప్పాడు. ఎన్నేళ్ళ అలవాటో అది. ఎదురుగా కూర్చున్నదంతా మగ్గాలవాళ్ళేనన్నది ఆ తొందరలో మరిచిపోయాడు.

ముందు వరుసలో ఉన్న మా అత్త చదివేసింది. “‘వనమాలా, ఆగు, మల్ల మొదటినుంచి పాడు, టేపు ఇరుక్కున్నదనుకుంటరు’ అంటున్నడు మా పర్శరాములు!” అంది హాలు అదిరేటట్టు.

“టేపుకు పేరు గూడ పెట్టినవాయే పర్శరాములన్నా?” అని వెనుక నుంచి ఎవరో అరిచారు. ఇక నవ్వులు ఆగలేదు. కనకయ్య నా చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా ఆయన మొహం పౌడరు కిందే ఎర్రబడింది. నన్నే చూస్తూ మళ్ళీ పెదాలు కదిపాడు. “కదలకు. దగ్గకు.”

అప్పుడే వచ్చింది దగ్గు. పొద్దుటి నుంచి ఆపుకున్నది. ఈసారి ఆపలేదు. కడుపు పట్టుకుని, తృప్తిగా దగ్గాను. హాలంతా విన్నది. దగ్గు తీరాక పరదా పక్కకు జరిపి, కోరా బట్ట బస్సు దాటుకుని, కనకయ్య పక్కకు వచ్చి నిలబడ్డాను. మైకు నా ముందే ఉంది. కానీ మా ఆయన నాతో ఏ భాషలో మాట్లాడాడో ఆ భాషలోనే జవాబు ఇవ్వాలనిపించింది. ఆయన వైపు తిరిగి, గొంతు లేకుండా, పెదాలు బాగా విప్పి చెప్పాను.

మా అత్త మెడ చాచి చూసింది. చూసి, లేచి నిలబడి, అందరికీ చదివి వినిపించింది.

“ఈ టేపు దగ్గుతదట! దగ్గుకుంటనే పాడుతదట!”