సుజాత లేని సర్వే

కొడకండ్ల అండాలుకు నడక కొత్త కాదు, ఒంటరిగా నడవడమే కొత్త. సకల జనుల సమ్మె మొదలై పదిహేను రోజులైంది. ఒక్క బస్సూ డిపో దాటడం లేదు. మక్కజొన్నల ట్రాక్టరెక్కి కేసముద్రం మార్కెట్ దాకా వచ్చి, అక్కణ్నుంచి లంబాడీ తండాకు మట్టిబాట పట్టింది.

అండాలు పని చేసేది ఒక చిన్న మహిళా సంఘంలో. లైసెన్సు లేకుండా ఇళ్లలోనే మందు అమ్మే బెల్టు షాపుల్ని ఎత్తేస్తామని సర్కారు మాటిచ్చింది. ఆ మాట ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకోసారి ఊరూరా తిరిగి రాసుకురావడం ఆమె వంతు. షాపులెన్ని, సరుకు ఎక్కణ్నుంచి వస్తోంది, అడ్డుపడ్డ ఆడవాళ్లను ఎవరు బెదిరించారు, అన్నీ రాయాలి.

రెండేళ్లుగా ఆమెకు తోడు సుజాత. ఈ తండా కోడలే. ఆడవాళ్లతో తమ భాషలో మాట్లాడి, నవ్వించి, అండాలుకు ఏ జన్మలోనూ చెప్పని సంగతులు చెప్పించేది. బాటలో నాలుగడుగులు ముందు నడిచి, గిరుక్కున తిరిగి, వెనక్కి నడుస్తూనే కబుర్లు చెప్పేది. తెలంగాణ కోసం జనం జనగామ రోడ్డు మీదే వండుకు తిని, వంటావార్పు నిరసన జరిపిన రోజు ఇద్దరూ ఒకే విస్తట్లో తిన్నారు.

"అక్కా, తెలంగాణొస్తే గీ షాపులు పోతయా?" అని అడిగింది సుజాత ఆ రోజు.

"పోవాలె. ఏలేది మనోళ్లే గద!"

"మనోళ్లే తాపిస్తే?"

అండాలు సుజాత ముందు ఇంకో గరిటె పప్పు వేసింది.

వానలు మొదలయ్యాక సుజాత రావడం మానేసింది. మందు వ్యాపారులంతా కలిసి భూపాలపల్లిలో ఒక చైతన్య సంస్థ పెట్టారు. మితంగా తాగండి, కుటుంబాన్ని కాపాడుకోండి అని గోడల నిండా రాయించారు. అందులో సుజాతకు ఉద్యోగం ఇచ్చారు. "నేనిగ రానక్కా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తండాలో ఆడవాళ్లు అండాలును చూసి మాటలు ఆపేశారు. సుజాత అత్త సుక్కి మాత్రం మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది.

"కోడలుంటే మా బాసల చెప్పుకుంటుంటిమి. నీకేం చెప్పాలె బిడ్డా?"

"గోప్యా ఏడి అవ్వా?" అని సుజాత పెనిమిటి గురించి అడిగింది అండాలు.

"నా కొడుకు ఊళ్లె లేడు," అంది సుక్కి, ముఖం పక్కకు తిప్పుకుని. తనే లేచి మందు అమ్మే ఇళ్లు చూపించింది. పోయినసారి రెండు షాపులు. ఇప్పుడు నాలుగు. "సమ్మెకు బడి మూసిన్రు, ఆఫీసు మూసిన్రు. గివొక్కటే మూయలే."

నాలుగో ఇంటాయన బాల్‌సింగ్ గుమ్మంలోనే నిలబడ్డాడు. "మీ సుజాత మొన్ననే సంస్థోళ్ల తరఫున వచ్చి, తండాల ఒక్కటే ఉన్నదని రాసుకపోయింది. మళ్ల నువ్వేంది?"

అండాలు నాలుగని రాసుకుని వెనుదిరిగింది. దారంతా, ముందు ఎవరో నడుస్తున్నట్టే తల ఎత్తి ఎత్తి చూసింది.

సమ్మె ముగిశాక బెల్టు షాపుల లెక్క చూడ్డానికి సర్కారు జనగామలో మీటింగ్ పెట్టింది. చైతన్య సంస్థ పెద్ద రామ్మోహన్ సుజాతను పక్కన కూర్చోబెట్టుకుని, బెల్టు షాపులు సగానికి సగం తగ్గాయని రంగు కాగితాల మీద చూపించాడు. అండాలు లేచి ఊరి పేరు, ఇంటి గుర్తు చెబుతూ తన రాత చదివింది.

"మీ దానికి ఆధారమేంటమ్మా?" అన్నాడు అధికారి.

"గా తండా ఆమెదే సార్. ఆమెనే అడుగున్రి."

అందరూ సుజాత వైపు తిరిగారు. సుజాత తలెత్తలేదు. "మేం రాసిందే నిజం సార్," అంది. అధికారి రెండు కాగితాలూ ఫైల్లో పెట్టమన్నాడు.

అండాలు గేటు దాటుతుంటే వెనకాల చెప్పుల చప్పుడైంది.

"తిట్టక్కా. నాలుగు మాటలు తిట్టు."

అండాలు ఆగి సుజాత వైపు తిరిగింది.

"గోప్యాను సంస్థోళ్లే దవాఖానల పెట్టిచ్చిన్రు. తాగుడు మాన్పిస్తున్నరు. నలభై దినాలయింది. మొన్న నన్ను పేరు పెట్టి పిలిచిండక్కా. ఎన్నేండ్లాయె! నేను లోపల నిజం చెప్తే రేపే ఆయనను బయటికి తోల్తరు."

అండాలుకు తన పెనిమిటి ఓదెలు గుర్తొచ్చాడు. తాగి తాగి, గోడవైపు తిరిగి పడుకుని, కళ్లు పచ్చబడి, వారం రోజుల్లో పోయాడు. ఆనాడు ఎవరైనా వచ్చి, ఇక్కడ వేలిముద్ర వెయ్యి, బతికిస్తాం అని ఉంటే తను ఏం చేసేదో అండాలుకు తెలుసు.

"చేతులు వణుకుతలేవా ఆయనకు?" అని అడిగింది చివరికి.

"లేదక్కా. అన్నం తనే కలుపుకుంటున్నడు."

"నా లెక్క నేను మార్చ, సుజాతా."

"మార్చకక్కా."

సుజాత ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. అటు నుంచి రామ్మోహన్ జీపు హారన్ కొట్టింది. సుజాత చెయ్యి వదిలి పరుగెత్తింది.

ఆ తర్వాతి విడతలో సుక్కి ముందు నిలబడి, షాపులు మూయించాలన్న దరఖాస్తు మీద తండా ఆడవాళ్ల చేత వేలిముద్రలు వేయించింది. రెండు షాపులు మూతపడ్డాయి. రెండు మిగిలాయి. రెండున్నరేళ్లకు తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో జనం గులాల్ చల్లుకుంటుంటే, అండాలు ఆ ఎర్రటి ముఖాల్లో ఒక్క ముఖం కోసం పొద్దుగూకే దాకా వెతికింది. సుజాత, గోప్యా కాటారం వైపు కాపురం మార్చారని ఎవరో చెప్పారు.

వానాకాలంలో మళ్లీ తండాకు వెళ్లింది. షాపులు ఆ రెండూ ఉన్నాయి, ఇంకోటి కొత్తగా తెరిచారు. రాసుకున్నాక సుక్కి పక్కన కూర్చుంది.

"నా కొడుకు మంచిగున్నడు. మందు ముడుతలేడట," అంది సుక్కి.

"సుజాత?"

"పోయిన వారం ఫోన్ల నిన్నడిగింది."

"ఏమనడిగింది అవ్వా?"

"అక్క ఇంకా ఊర్లు తిరుగుతుందా అన్నది."

అండాలు ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. "తిరుగుతున్నదని చెప్పు. ఒక్కతే తిరుగుతున్నదని చెప్పు," అంది.