కాపలా కోటుకు ఏడు గుండీలు

ఆ శనివారం పొద్దున సెసెగ్మా తన తండ్రి కోటుకు ఏడు గుండీలూ స్వయంగా పెట్టి, కాలరు పైకెత్తి, చేతికి కర్ర ఇచ్చి గుమ్మం దాటించింది.

"గట్టు మీద బల్ల దాటి ఎక్కడికీ వెళ్ళకు నాన్నా" అంది.

"ఎక్కడికెళ్తానే తల్లీ, సంచిలో కట్టిన గొర్రెపిల్లలా ఉన్నాను" అన్నాడు రద్నా.

అబద్ధం చెప్పబోయే ముందు ఆయన ఎప్పుడూ ఇలాగే నవ్విస్తాడు. ఆ సంగతి ఆమెకు గంటన్నర తర్వాత గానీ గుర్తు రాలేదు. అప్పటికి ఆమె బడి వంటింట్లో రొట్టెపిండి పిసుకుతూ ఉంది. చేపలు పొగబెట్టి అమ్మే లుకేర్యా వెనక తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"మీ నాన్న కర్నల్‌లా కూర్చున్నాడే ప్రొకోపీ లారీలో! చెయ్యూపితే పలకనైనా లేదు. పాపం, ఆ కోటులో చెయ్యి లేస్తేగా!"

"ఏ లారీ?"

"సరుకుల లారీ. లంకకి పోతోంది. సోమవారం మంచుదారి మూసేస్తారుగా, ఇదే ఆఖరి తడవట."

సెసెగ్మా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

బైకాల్‌ను ఆ ఊళ్ళో ఎవరూ సరస్సు అనరు, సముద్రమే అంటారు. శీతాకాలంలో అది గడ్డకట్టాక నడిమధ్య ఉన్న లంకకు దాని మీదే బళ్ళు తిరుగుతాయి. మంచు మీదికి వెళ్ళేవాళ్ళకు నాలుగు కట్టుబాట్లున్నాయి. బండి తలుపు మూయకూడదు. నడుముకు బెల్టు కట్టకూడదు. పగులు వచ్చిన చోట డ్రైవరు తప్ప అందరూ దిగి నడవాలి. అన్నిటికన్నా ముఖ్యం, కోటు భుజాల మీద ఊరికే వేసుకోవాలి గానీ బిగించకూడదు. గొర్రెతోలు కోటు నీళ్ళు తాగిందంటే మనిషి కన్నా బరువెక్కుతుంది. మూడేళ్ళ పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. సెసెగ్మా ఆ ఊరి పిల్లే. ఆమెకూ తెలుసు.

అయినా ఆ గుండీలు కుట్టింది ఆమే.

ఆ కోటు సైన్యానిది. పైన ఆకుపచ్చ గుడ్డ, లోపల బెత్తెడు ఉన్నితో గొర్రెతోలు, మడమల దాకా పొడుగు. లోపలి జేబు మీద నల్ల సిరాతో వేసిన ముద్రలో 1968 అనే అంకె ఇంకా కనిపిస్తుంది. రద్నా, లంకలో ఉండే డుగర్ కుర్రతనంలో ఒకే ఆయుధాల గోదాముకు కాపలా కాశారు. పోస్టుకు ఒకటే కోటు. దిగేవాడు విప్పి ఇస్తే ఎక్కేవాడు ఆ వెచ్చదనంలోకే దూరేవాడు. తర్వాత ఆ పటాలాన్ని రద్దు చేశారు. అధికారి పాత కోట్లు పంచుతూ వీళ్ళిద్దరికీ కలిపి ఒకటే ఇచ్చాడు. అప్పటినుంచి అది ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ. ప్రతి మార్చిలో మంచుదారి మూయకముందే ఎవరి దగ్గరుంటే వాళ్ళు తొడుక్కుని వెళ్ళి రెండోవాడికి అప్పగించాలి. ఈ ఏడాది అప్పగించే వంతు రద్నాది. కానీ జనవరిలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక సెసెగ్మా గట్టిగా చెప్పేసింది: "ఈసారికి వద్దు. డుగర్ బాబాయికి ఫోన్ చేసి నేను చెప్తాను." ఆయన తలూపాడు.

కోటుకు మొదట ఉన్నవి పెద్ద ఇనుప కొక్కేలు. ఒక్క గుంజు గుంజితే అన్నీ ఊడిపోతాయి. కానీ వాటి మధ్యలోంచి గాలి దూరేది. గట్టు మీద కూర్చునే మనిషికి చలి తగలకూడదని ఆమె కొక్కేలు పీకేసి కొమ్ము గుండీలు కుట్టింది. తెగకుండా ఉంటాయని వలలు అల్లే నైలాన్ దారం నాలుగు పేటలు వేసింది. కాజాలు ఎంత బిగువుగా కుట్టిందంటే, రెండు చేతులూ బాగున్న తనకే వాటిని విప్పడానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చేది.

"నీ మంచు మోటారు ఎక్కడుంది పిన్నీ?" అంది సెసెగ్మా.

"బయటే ఉంది. ఏమే, అలా పాలిపోయావేం?"

"ఆయన విప్పుకోలేడు. ఏడూ నేనే పెట్టాను."

లుకేర్యా బయటికి పరిగెత్తింది. వెనకాల తగిలించిన చేపల జారుడుబండి అలాగే ఉండగా మోటారు స్టార్టు చేసింది. సెసెగ్మా చేతుల పిండి కడుక్కోకుండానే వెనక ఎక్కింది.

ఊరి గట్టు దిగాక దారంతా మంచులో పాతిన దేవదారు కొమ్మలే గుర్తులు. వాటిని దాటుతున్న కొద్దీ ఆమె పక్కకు వంగి లారీ కోసం చూసింది. ఎండ కాస్తోంది, అదే ఆమెకు నచ్చలేదు. మంచు కింద ఎక్కడో దూరంగా ఎవరో ఇనుపరేకు వంచుతున్నట్టు మోత. ఆ మోత పుట్టినప్పటినుంచీ విన్నదే. ఇవాళ మాత్రం అది తన తండ్రి కోసమే లేస్తున్నట్టు అనిపించింది.

"ప్రొకోపీ వెధవ కాదులే" అంది లుకేర్యా, గాలికి గొంతు పెంచి. "పగులు దగ్గర దింపుతాడు."

"దిగాలిగా పిన్నీ. ఆ కోటుతో మెట్టు దిగగలడా?"

లుకేర్యా వేగం పెంచింది.

ఏడో కిలోమీటరు దగ్గర లారీ కనిపించింది. దాని ముందు పగులు నల్లటి చారలా ఈ చివర నుంచి ఆ చివరకు పాకి ఉంది. ప్రొకోపీ గునపంతో అంచు పొడిచి చూసి, దాని మీద రెండు చెక్క పలకలు పరిచాడు. వేళ్ళతో నాలుగు పాల చుక్కలు సముద్రానికి నైవేద్యంగా చల్లాడు. తర్వాత ప్రయాణికుడి వైపు వెళ్ళి ఏదో అన్నాడు. లోపల ఆకుపచ్చ కోటు కదల్లేదు. ప్రొకోపీ భుజాలెగరేసి వచ్చి, తన వైపు తలుపు తెరిచి పెట్టి, ఒక కాలు మెట్టు మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి బండి కదిలించాడు.

"ఆగరా! ఒరే ప్రొకోపీ! ఆగు!" అరిచింది సెసెగ్మా. గాలి ఎదురుగా వీస్తోంది. మాట ఆమె నోటి దగ్గరే ఉండిపోయింది.

ముందు చక్రాలు పలకల అంచుకు చేరీ చేరకముందే కుడి చక్రం కింద మంచు కుంగింది. చప్పుడు పెద్దగా లేదు. లారీ ముక్కు ఒక పక్కకు వాలింది. ప్రొకోపీ దూకి దొర్లాడు. నల్లటి నీళ్ళు మంచు మీదికి పొంగాయి.

మోటారు ఇంకా ఆగకముందే సెసెగ్మా దూకి పరిగెత్తబోయింది. లుకేర్యా ఆమె కోటు వెనక నుంచి లాగి పడేసింది.

"పరిగెత్తకు! పొట్ట మీద పాకు! నువ్వు కూడా పోతే ఆ ముసలాణ్ణి ఎవరు తీస్తారే?"

పాకింది. ప్రయాణికుడి వైపు తలుపు నీళ్ళలోకి వాలి ఉంది కాబట్టి డ్రైవరు తలుపులోంచి సీటు మీదికి దూరింది. ప్రొకోపీ వెనక నుంచి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. కింద నీళ్ళు తండ్రి మోకాళ్ళ దాకా ఉన్నాయి. కోటు అంచు అప్పటికే ఆ నీళ్ళను పీల్చుకుంటోంది.

"వచ్చావా" అన్నాడు రద్నా. మొహం బూడిద రంగుకు తిరిగింది. ఎడమచెయ్యి రెండో గుండీ మీద ఊరికే జారుతోంది. "ఇది రావట్లేదే తల్లీ."

"కత్తి! కత్తివ్వు!"

ప్రొకోపీ చేపల కత్తి అందించాడు. మొదటి గుండీ దగ్గర కత్తి పెట్టి కోసింది. నైలాన్ జారింది గానీ తెగలేదు. మళ్ళీ కోసింది. నాలుగు పేటలు ఒక్కొక్కటిగా తెగాయి. ఎంత జాగ్రత్తగా కుట్టింది! రెండోది. మూడోది. లారీ మూలిగి మరో జానెడు దిగింది. ప్రొకోపీ "అక్కా, తొందరగా అక్కా" అంటూ ఉన్నాడు. అనకపోతే బాగుండునని ఆమెకు అనిపించింది. నాలుగోదానికి దారం మానేసి గుడ్డతో పాటు కోసేసింది. అయిదోదీ అంతే. ఆరోది నీళ్ళలో ఉంది. వేళ్ళు మొద్దుబారి ఏది గుండీయో ఏది గుడ్డో తెలియకపోయినా తడుముతూనే దాన్నీ కోసేసింది. ఏడోది ఆమెకు అందనే లేదు.

"వదిలెయ్ కోటుని. చేతులు వెనక్కి తియ్యి నాన్నా."

"ఇది డుగర్‌దే."

"నాన్నా!"

"కుడిచెయ్యి రావట్లేదే. రాకపోతే ఏం చెయ్యను?"

ఆమె రెండు చేతులతో కాలరు పట్టుకుంది. ప్రొకోపీ ఆమె కాళ్ళు లాగాడు, అతన్ని లుకేర్యా లాగింది. ఏడో గుండీ ఎక్కడో పటుక్కుమంది. తండ్రీ కోటూ కలిసి సీటు మీదుగా జారి మంచు మీద పడ్డారు. ముప్పై అడుగులు అలాగే ఈడ్చుకుపోయాక గానీ ఎవరూ ఆగలేదు.

తడిసిన అంచు అయిదు నిమిషాల్లో రేకులా గడ్డకట్టింది. పై సగం మాత్రం పొడిగానే ఉంది. లుకేర్యా ఆయన ఉన్ని బూట్లు లాగేసి, తన శాలువాతో పాదాలు చుట్టింది. సెసెగ్మా ప్రొకోపీ మీద విరుచుకుపడింది.

"దింపలేదేంరా? కట్టుబాటు తెలీదా నీకు?"

"దిగనన్నాడక్కా!" అతని గొంతు ఏడుపులా ఉంది. "కోటు విప్పి భుజాన వేసుకో తాతా, నేను పట్టుకుంటా, దిగు అన్నాను. 'నాకు కాళ్ళు నొప్పి, నువ్వు పోనియ్, నీకన్నా ముందు నుంచి నాకు తెలుసీ మంచు' అన్నాడు. విప్పుకోలేనని ఒక్క ముక్క చెప్పుంటే నేనే విప్పేవాణ్ణిగా!"

రద్నా ఎటో చూస్తున్నాడు. చిన్నపిల్లాడిలా కూతురు పెట్టిన గుండీలు ఇంకొకడు విప్పాలని ఆయన ఎలా చెబుతాడు? నలభై ఏళ్ళు ఆ కోటు తొడుక్కున్న మనిషి. సెసెగ్మా ప్రొకోపీని వదిలేసి తండ్రి పక్కకు వెళ్ళి కూర్చుంది.

"ఎటే?" అంది లుకేర్యా. "ఇంటికి ఏడు కిలోమీటర్లు, ఎదురుగాలి. లంకకి మూడే, కానీ పగులు దాటాలి. ఉత్తరాన అది మూరెడుకి సన్నబడుతుంది, వేగంగా పోతే జారుడుబండి దూకుతుంది. చెప్పు త్వరగా, ఈయన పెదాలు చూడు."

సెసెగ్మా చూసింది. నీలంగా ఉన్నాయి. వణుకు తగ్గుతోంది. వణుకు తగ్గడం మంచిది కాదని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు.

"లంకకే" అంది.

చేపల పెట్టెలు మంచు మీదికి తోసేసి తండ్రిని జారుడుబండిలో కూర్చోబెట్టింది. ఎదురుగా తను మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుండీలు లేని కోటు రెండంచులూ రెండు పిడికిళ్ళతో దగ్గరకు లాగి పట్టుకుంది. ప్రొకోపీ లుకేర్యా వెనక ఎక్కాడు. మోటారు కదిలింది.

"నిద్రపోకు నాన్నా. మాట్లాడు. డుగర్ బాబాయితో ఏమంటావో చెప్పు."

"ఏముంది..." అన్నాడు రద్నా, నాలుక తడబడుతూ. "పోస్టు అప్పగిస్తున్నాను. అంతా సవ్యంగా ఉంది."

"సవ్యంగా ఉందా?"

"కొంచెం తడిసింది అంటాలే."

ఆమెకు నవ్వు రాలేదు. ఆయన భుజం మీదుగా నల్లటి గీత దగ్గర పడుతూ కనిపించింది. లుకేర్యా వేగం తగ్గించలేదు, ఇంకా పెంచింది. జారుడుబండి అంచుకు చేరుతుండగా సెసెగ్మా తన రెండు పిడికిళ్ళూ విప్పేసింది. కోటు రెండు రెక్కలుగా తెరుచుకుంది. చలి తండ్రి ఛాతీ మీద దెబ్బలా పడింది. ఆయన "అబ్బా" అన్నాడు. కింద ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు.

తర్వాత బండి అడుగున మంచు గట్టిగా తగిలింది. ఆమె అంచులు మళ్ళీ దగ్గరకు లాగి పట్టుకుంది.

"మాట్లాడు నాన్నా" అంది. "ఆపకు."