ఆదివారం డ్యూటీ

శంకరమ్మ పళ్ళు స్వప్న మణికట్టులో దిగాయి.

స్వప్న కెవ్వుమన్నది గాని పట్టు వదల్లేదు. వదిలితే ముసలామె మళ్ళీ జేసీబీ ముందుకు పాకుతుంది. రెండో రెక్క పట్టుకుని పూజిత వెనక్కి లాగుతున్నది. ఇద్దరూ కలిసి ఆమెను జొన్న మోళ్ళ మీదుగా ఈడుస్తుంటే చీర పీలికలవుతున్నది, మోకాళ్ళు చెక్కుకుపోతున్నాయి. గాజు పగిలి ఒక ముక్క స్వప్న అరచేతిలోకే దిగింది. చేతుల మీది నెత్తురు ఎవరిదో తెలియడం లేదు.

"మీ చేతులు పడిపోను! మీ అవ్వనైతె గిట్లనే గుంజుతరానే?"

"దాని ఒర్రుడు ఇనకుర్రి. గట్టు మీదికి తీస్కపోయి కూసుండబెట్టుర్రి!" గొడుగు కింద నిలబడి ప్లాట్ల కంపెనీ యజమాని అమరేందర్ కేకవేశాడు.

ఆయన చుట్టూ కర్రలు పట్టుకున్న మనుషులు చాలామందే ఉన్నారు. ఒక్కడూ ముసలామెను ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని వాళ్ళకు ముందే చెప్పి పెట్టాడు. ఆడదాని మీద మగవాడి చెయ్యి పడితే కేసు ఒక తీరుగా ఉంటుంది. ఆడపిల్లల చేతులు పడితే ఆడోళ్ళూ ఆడోళ్ళూ కొట్లాడుకున్నరని చెప్పి తేలిగ్గా తప్పించుకోవచ్చు. కంపెనీలో ఈ ఉపాయం తెలియనివాళ్ళు ఆ పొద్దు దాకా స్వప్న, పూజిత ఇద్దరే.

శంకరమ్మ కొడుకు బాలరాజ్‌ది వేరే లెక్క. అతను మగవాడు. పొద్దున బావి మోటారు పీకుతుంటే అడ్డం పడ్డాడు. మొదటి దెబ్బకే మోచేయి విరిగింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. ఇప్పుడు వేపచెట్టు మొదట్లో, వేలాడే చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు కర్రలు అడ్డం పెట్టి కాపలా ఉన్నారు.

స్వప్న ఇబ్రహీంపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. కిందటేడు దాకా సాగర్ రోడ్డు మీది బేకరీలో సాయంత్రాలు పనిచేసింది. చేతికి వచ్చేది బస్సు చార్జీలకే సరిపోయేది. బొంగులూరు దగ్గర కొత్త వెంచర్‌లో ఆడపిల్లలు కావాలంటే పూజితే తీసుకుపోయింది. ఆదివారం ఒక్కరోజు డ్యూటీ, ఆరు వందలు, మధ్యాహ్నం బిర్యానీ. హైదరాబాద్ నుంచి ఏసీ బస్సుల్లో కస్టమర్లు దిగుతారు. నల్ల కోటు వేసుకుని వాళ్ళకు గులాబీ పువ్వు ఇవ్వాలి, నీళ్ళ సీసా రెండు చేతులా అందించాలి, నవ్వాలి. అంతే పని. సర్కారు నుంచి ఫీజు డబ్బులు రాలేదని, పిల్లలు కడితేనే హాల్‌టికెట్ ఇస్తామని కాలేజీవాళ్ళు పట్టుబట్టారు. ఇంకో రెండు ఆదివారాలు పోతే స్వప్న కట్టగలదు.

ఈ పొద్దు వ్యాన్ వెంచర్ కమాను దగ్గర ఆగలేదు. మట్టి బాట పట్టింది.

"కస్టమర్లు ఎటు పోయిండ్రు సార్?" అని పూజిత అడిగింది.

"ఇయ్యాల కస్టమర్లు లేరు. కస్టమర్లకు అడ్డమున్నోళ్ళు ఉన్నరు," అని అమరేందర్ నవ్వాడు.

ఈ చేను ఒకప్పుడు అమరేందర్ తండ్రి పటేల్‌ది. శంకరమ్మ మొగడు కాశయ్య మేకలమ్మి, ఎడ్లమ్మి ఆయన దగ్గర కొన్నాడు. రిజిస్ట్రీ అడగలేదు. పటేల్ మాట ఇచ్చినాక కాగితం అడిగితే ఆయన్ను అనుమానించినట్టవుతుందని ఆ కాలపు మనుషులు అనుకునేవాళ్ళు. రింగురోడ్డు వచ్చింది, ధర వచ్చింది. మాట ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ మట్టిలో కలిశారు. బాలరాజ్ కోర్టుకు పోయాడు. చేను ఎవరు దున్నుతున్నారో కళ్ళతో చూసి రమ్మని కోర్టు పంపిన మనిషి సోమవారం వస్తున్నాడు. అతను వచ్చేసరికి ఇక్కడ సాగు చేసిన గుర్తు ఉండొద్దు. కొట్టం కూలింది, పైపులు లేచాయి, మోటారు పోయింది. మిగిలింది బావి. దాన్ని పూడ్చడానికే జేసీబీ వచ్చింది.

పన్నెండు దాటాక జేసీబీ డ్రైవర్ తిండికి దిగాడు. బిర్యానీ పొట్లాలు పంచారు. పూజిత వ్యాన్ నీడలో కూర్చుని తలెత్తకుండా తింటున్నది. స్వప్న గట్టు మీద శంకరమ్మ పక్కన కాపలా కూర్చుంది. పొట్లం విప్పలేదు. మణికట్టు ఉబ్బి నల్లబడింది.

"నీళ్ళున్నయానే?" అన్నది ముసలామె.

స్వప్న సీసా మూత తీసి రెండు చేతులా అందించింది. అలవాటు. నవ్వు కూడా రాబోయి ఆగిపోయింది.

శంకరమ్మ తాగింది, మిగిలిన నీళ్ళు మోకాళ్ళ మీద పోసుకుంది. "ఏ ఊరు నీది?"

"రాళ్ళగూడ."

"ఎవలి బిడ్డవ్?"

అడిగితే చెప్పకుండా ఉండటం స్వప్నకు తెలియదు. "గోపయ్య బిడ్డను."

"బాయిలు తవ్వే గోపయ్యనా? కుడిచెయ్యికి రెండు వేళ్ళు లెవ్వు, గాయననా?"

"అవ్."

 శంకరమ్మ గడ్డంతో బావి వైపు చూపింది. "గా బాయిలనే పోయినయ్ గా వేళ్ళు. రాయి పగులగొట్టనీకి మందు పెడితె చేతులనే పేలింది. నెత్తురు ఆగకపాయె. నా కొంగు చింపి కట్టిన. మా ఆయన బండి కట్టి దవాఖానకు తోల్కపోయిండు. నువ్వు అప్పటికి పుట్టనే లేవు."

 ఒక అవ్వ కొంగు చింపి కట్టకపోతే ఆనాడే పాణం పోయేదని నాయిన ఎన్నిసార్లో చెప్పాడు. ఏ ఊరి అవ్వనో, ఏ బావో స్వప్న ఎన్నడూ అడగలేదు. ఆయన తవ్విన బావులు అన్ని ఉన్నాయి. బడికి పోయే రోజుల్లో తల్లి పొద్దున్నే కూలికి పోతే, మూడు వేళ్ళ చేత్తో నాయినే ఆమెకు జడ వేసేవాడు. వదులుగా ఉందని తోటి పిల్లలు నవ్వేవాళ్ళు.

"అవ్వా..." అన్నది. 

"మంచిగ పట్టుకో బిడ్డా," అన్నది శంకరమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "ఇడిస్తె నీ పైసలు నీకియ్యరు."

జేసీబీ గుర్రుమని లేచింది.

శంకరమ్మ ఆ వయసులో అట్లా ఉరుకుతుందని ఎవరూ అనుకోలేదు. స్వప్న చేతులు చాచలేదు. ముసలామె బావి ఒడ్డు మీద, జేసీబీ మట్టి తొట్టి కిందనే కూలబడింది. చెట్టు కింది నుంచి బాలరాజ్ లేచాడు. కాపలావాడు కర్ర తిప్పి విరిగిన చేతి మీదనే కొట్టాడు. ఆ అరుపుకు వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. పడిన మనిషి కడుపులో ఇంకొకడు చెప్పుకాలితో తన్నాడు.

"అమ్మా, లెవ్వకే! సచ్చినా లెవ్వకు!" అని బాలరాజ్ మట్టిలోంచే అరిచాడు.

అమరేందర్ ఓర్పు తెగింది. గొడుగు ముడుచుకుని గబగబా వచ్చాడు. "ఇగ గిట్ల కాదు. చీర గుంజుర్రి దానిది. ఇజ్జత్‌కు భయపడి అదే ఉరుకుతది."

పూజిత నోట్లో మెతుకు నోట్లోనే ఉంది. "చీరనా సార్?"

"మీరు ఆడపిల్లలే కద, మీకేం సిగ్గు? ఇయ్యాల చెరో వెయ్యి ఇస్త. హాల్‌టికెట్ల ఫికర్ చెయ్యకుర్రి. మీ కాలేజి సెక్రెటరీ మనోడే, ఒక్క ఫోను కొడితె ఇస్తడు. నడువుర్రి!"

స్వప్నే ముందు నడిచింది. అమరేందర్ తల ఊపాడు. ఆమె శంకరమ్మ వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పొద్దున అమరేందర్ మనుషులు నేర్పినట్టే రెండు చేతులూ నడుము చుట్టూ వేసి, వేళ్ళలో వేళ్ళు బిగించింది. పూజిత కొంగు అందుకుని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది.

"స్వప్నా, జర చేతులు తియ్యే. చీర నీ చేతుల కింద చిక్కింది."

"ఎరుకే."

పూజిత ఆమె ముఖంలోకి చూసింది. కొంగు పూజిత చేతిలోంచి మెల్లగా జారింది.

"ఏమైందే? గుంజవేందే?" అని అమరేందర్ మీదికొచ్చాడు.

"గుంజ సార్."

"హాల్‌టికెట్ ఒద్దా?"

"కావాలె. గుంజ."

గొడుగు కర్ర ఆమె వీపు మీద పడింది. కోటు మీద టప్పుమన్న చప్పుడు చేనంతా వినిపించింది. కర్రలు పట్టుకున్న మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దుటి నుంచి ఏ మగవాడి చెయ్యీ ఆడదాని మీద పడని చేను అది. ఉపాయం చెప్పినవాడే తప్పాడు. రెండో దెబ్బ మెడ మీద పడింది. చర్మం చిట్లి నెత్తురు కాలర్‌లోకి కారింది. స్వప్న ముఖాన్ని శంకరమ్మ వీపుకు ఆనించింది. ముసలామె చెయ్యి వెనక్కి వచ్చి, తాను కొరికిన మణికట్టును తడుముకుని పట్టుకుంది.

"పొయ్యిరా! మట్టి పొయ్యి!" అని అమరేందర్ డ్రైవర్ మీద అరిచాడు.

డ్రైవర్ చెయ్యి కడ్డీ మీద ఉంది. తొట్టి ఇద్దరి నెత్తి మీదా గాలిలో నిలబడింది. నిండిన తొట్టి అంచు నుంచి మట్టి సన్నగా వాళ్ళ వెంట్రుకల్లో రాలుతున్నది. దానితో పాటు ఒక రాయి జారి, వాళ్ళ పక్క నుంచి దొర్లి బావిలో పడింది.

కొంతసేపటికి లోపల నీళ్ళ చప్పుడైంది.