పలకని కుడి చెవి

నేను ఒక ఇయర్‌ఫోన్ల జతను. జత అన్నానని ఇద్దరమనుకోకండి, ప్రాణం ఒక్కటే. చెవుల్లో దూరడానికి రెండు కొసలు, ఫోనుకు తగులుకోవడానికి ఒక కొస, మధ్యలో రెండు మూరల తెల్లతీగ. ఆ తీగకు మీ గడ్డం కింద వేలాడేచోట చిక్కుడుగింజంత బొడిపె ఉంటుంది, దానికి సూదిమొనంత రంధ్రం. నా చెవి అదే. గోడలకు చెవులుంటాయని మీరంటారు గానీ, గోడలు విన్నది ఎప్పుడైనా ఎవరికైనా చెప్పాయా? నేను చెబుతాను.

ఎక్కడ పుట్టానో సరిగా తెలియదు. పొడవాటి బల్లకు అటూ ఇటూ కూర్చుని ఆడపిల్లలు నా తీగలు అతికారు. వాళ్ళలో ఒకమ్మాయి నేను పలుకుతున్నానో లేదో చూడ్డానికి చెవిలో పెట్టుకుని పెద్దగా తుమ్మింది. లోకంలో నేను విన్న మొదటి శబ్దం ఆ తుమ్మే. మా జాతిలో శకునాలు చూసేవాళ్ళు లేరు కాబట్టి ఎవరూ నన్ను వెనక్కి పిలవలేదు. అక్కణ్ణించి అట్టపెట్టెల్లో పడి, లారీలెక్కి, చీరాల బస్టాండు పక్కన ఒక బండికి ఎండుచేపల దండలాగా వేలాడాను.

నన్ను కొన్నది పావని అనే పిల్ల. పెళ్ళి కుదిరి ఉంది. కాబోయే మొగుడితో నా మీదుగానే మాట్లాడేది. "తిన్నావా?" అని అతను, "తిన్నా, నువ్వు?" అని ఈమె, "ఏం కూర?" అని మళ్ళీ అతను. ప్రేమంటే ఇదేనా, ఇంతమాత్రానికి తీగలెందుకు, కిటికీలోంచి కేకేసుకుంటే సరిపోదా అనుకునేదాన్ని. పెళ్ళయ్యాక అతను తీగల్లేనివి కొనిపెట్టాడట. పుట్టింట్లో నన్ను మగ్గం పక్క గోడమేకుకు తగిలించి, "వదినా, ఇవి నువ్వు వాడుకో" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆడపడుచు వదినకు వదిలిపోయిన ఆస్తిని నేను.

ఆ వదిన పేరు హైమ. మొగుడు భావనారాయణ, అందరికీ భావన్న. స్వయానా మేనత్త కొడుకే కాబట్టి హైమకు పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. అత్త సీతారావమ్మ వరండాలో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంటే, ముందుగదిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని భావన్న చీరలు నేసేవాడు. ఆ వీధంతా నేతవాళ్ళే. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. అక్కడ మగ్గం చప్పుడును ఎవరూ పట్టించుకోరు, మగ్గం ఆగితేనే పట్టించుకుంటారు. ఒక పూట ఆగిందంటే ఆ ఇంట్లో జ్వరమో, చావో, మొగుడూపెళ్ళాల తగువో అని లెక్క.

నేను ఆ మేకుకు చేరేనాటికే ఆ ఇంట్లో జరగరానిది జరిగిపోయింది. తర్వాత వాళ్ళ మాటల్లో విన్నదే చెబుతున్నాను. హైమకు తొమ్మిదో నెలలో కాన్పు కష్టమైంది. మత్తిచ్చి కోసి తీశారు. ఆడపిల్ల. ఊపిరి లేదు. హైమకు తెలివి వచ్చేసరికి బిడ్డను భావన్న చేతుల్లో పెట్టడమూ, అతను తీసుకెళ్ళి పూడ్చిపెట్టి రావడమూ అయిపోయాయి. పేరు పెట్టని బిడ్డ కోసం ఏడవకూడదని, ఏడిస్తే దారి తెలియక ఇంటిచుట్టూనే తిరుగుతుందని సీతారావమ్మ చెప్పింది. ముఖం ఎలా ఉందో తల్లికి చెప్పొద్దని కొడుకు చేత ఒట్టు వేయించుకుంది. చూడనిదానికి బెంగ ఉండదని ఆవిడ నమ్మకం. ఆవిడ మనసులో చెడ్డేమీ లేదు. ఆవిడ అత్త ఆవిడకు చెప్పిందే కోడలికి చెప్పింది.

బెంగ లేకపోవడం అటుంచి, హైమకు మరో ఆలోచనే లేకుండా పోయింది. తన బిడ్డ ముఖం లోకంలో ఒక్కడికే తెలుసు, వాడు తన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు, చెప్పడు. దానికి తోడు ఇంకొకటి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మగ్గం మీద చిలకపచ్చ చీర అంచుతో సహా మూరెడు తెగి ఉండడం చూసింది. ఎలుక కొట్టిందన్నాడు భావన్న. హైమ నేతవాళ్ళ పిల్ల. ఎలుక కొరికిన అంచేదో, కత్తెర పడ్డ అంచేదో ఆమెకు వేలితో తడిమితే చాలు, తెలుస్తుంది. చీర పూర్తికాకుండా మగ్గం మీద గుడ్డకు ఏ నేతగాడూ కత్తెర పెట్టడు. నాతో అబద్ధమాడుతున్నాడు అనుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా "కూరలో ఉప్పుందా" తప్ప మరో మాట లేదు.

ఇరుగుపొరుగు మాత్రం తలో మాటా అన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, వచ్చిన ప్రతివాళ్ళూ మళ్ళీ ఎప్పుడు అని అడిగి వెళ్ళేవాళ్ళు. హైమ తిండి మానేసింది. రక్తంబిళ్ళలు ఇవ్వడానికి వచ్చే ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఆమె వాలకం చూసి, దీనికి బిళ్ళలు పనికిరావు, మాట్లాడి మనసు కుదుటపరచడానికి చదువుకున్నవాళ్ళు ఉంటారు, ఈ రోజుల్లో ఫోనులోనే దొరుకుతారు అని చెప్పింది. అలా నన్ను మేకు నుంచి దించారు.

దొరకడానికేం, కోకొల్లలుగా దొరికారు. మొదట కోటు వేసుకుని నవ్వుతున్న ఒక పెద్దమనిషి. అద్దం ముందు నిలబడి "నేను సంతోషంగా ఉన్నాను" అని రోజూ చెప్పుకోమన్నాడు. హైమ పాపం చెప్పింది. అద్దంలో తన ముఖం చూసుకుని, బిడ్డకు ఈ ముక్కు వచ్చిందో ఏమోనని అక్కడే కూలబడింది. ఆ తర్వాత ఒకావిడ మెత్తగా మాట్లాడి మాట్లాడి, చివరికి జన్మనక్షత్రం అడిగి, ఉంగరంలో ఏ రాయి పెట్టుకోవాలో చెప్పింది. వీళ్ళ మాటలన్నీ మోసి మోసి నాకే తలనొప్పి వచ్చింది. ఈ సంగతి విని నర్సమ్మ తల పట్టుకుంది. "బోర్డు ఎవరైనా పెట్టుకుంటారమ్మాయ్. గవర్నమెంటు రిజిస్టరులో పేరుండాల, నంబరుండాల. ముందు అదడుగు" అంది.

నూలు కొనేటప్పుడు పోగును లాగి, తడిపి, తెంపి చూడనిదే తీసుకోని ఇంట్లో పుట్టింది హైమ. మనిషిని కూడా అలా చూడవచ్చని ఆమెకు అప్పటిదాకా తోచలేదు. విజయవాడలో ఉండే ఎస్తేరు అనే సైకాలజిస్టు ఫోనెత్తగానే నమస్కారం కూడా చెప్పకుండా, "మేడం, మీకు లైసెన్సుందా?" అని అడిగేసింది. నేను సిగ్గుతో చచ్చాను. అవతల ఆవిడ మాత్రం నొచ్చుకోలేదు. నంబరు చెప్పి, ఎక్కడ చూడాలో కూడా చెప్పి, "నిదానంగా చూసుకోండమ్మా. చూసుకున్నాకే మాట్లాడదాం" అంది. హైమ చూసుకుంది. పేరుంది, నంబరుంది.

ఆ వచ్చే గురువారం మధ్యాహ్నం ఎస్తేరు అడిగిన మొదటి మాట, "మీ పాప గురించి చెప్పండి." అప్పటిదాకా అందరూ "ఆ సంగతి" అన్నారు, "జరిగింది" అన్నారు. పాప అన్నవాళ్ళు లేరు. హైమ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ముందుగా నా రంధ్రంలోకే వచ్చింది. నేను దాన్ని విజయవాడకు మోశాను.

ఇక భావన్న చేసిన పని చెప్పాలి. హైమ నడింట్లో తలుపేసుకుని ఎవరితోనో మాట్లాడి ఏడుస్తోందని అతనికి తెలుసు. అడగలేదు. గురువారం మధ్యాహ్నం అందరూ అన్నం తిని నడుం వాల్చే వేళ అతను మాత్రం మగ్గంలో దిగి పోగు మోసే నాడె విసిరేవాడు, మామూలుకన్నా గట్టిగా. ఆ టకటకలో హైమ ఏడుపు వీధిలోకి పోయేది కాదు. తెలిస్తే పిచ్చిపట్టిందంటారని భయం. మాట్లాడడం చేతకాని మగవాడు చప్పుడు చేసి కాపలా కాశాడు.

హైమ ఆ తలుపు వెనక వేళ్ళు ఊరికే ఉంచేది కాదు. తెగిన పోగులు అతికే అలవాటుతో నా తీగను బొటనవేలూ చూపుడువేలూ మధ్య పెట్టి పురి పెడుతూ మాట్లాడేది. కొన్నాళ్ళకు కుడి కొసకు వెళ్ళే రాగితీగ లోపల తెగిపోయింది. పైకి ఏమీ తెలియదు. ఆమె ఎడమచెవిలో ఒకటే పెట్టుకుని, రెండోది అత్త అడుగుల చప్పుడు కోసం వదిలేసేది కాబట్టి ఆమెకూ తెలియలేదు.

ఒక వారం ఎస్తేరు, ఇష్టమైతే భావనారాయణ గారిని కూడా కూర్చోబెట్టమంది. హైమ వెళ్ళి గడపలో నిలబడి, "బావా, ఆమె నిన్నూ రమ్మంటోంది" అంది. వస్తాడనుకోలేదు. మగ్గం ఆపి, చేతులు పంచెకు తుడుచుకుని వచ్చాడు. ఎడమది ఆమె పెట్టుకుని, కుడిది అతనికిచ్చింది. నా తీగ పొట్టిది కదా, ఇద్దరూ భుజం భుజం ఆనించుకుంటే తప్ప అందదు. ఆసుపత్రి తర్వాత వాళ్ళు అంత దగ్గరగా కూర్చోవడం అదే మొదలు.

భావన్న చెవిలో నేను పలకలేదు. గొంతు చించుకున్నా పలకలేకపోయాను. అతను రెండుమూడుసార్లు కొసను వేలితో నొక్కి చూశాడు, నోరు తెరవబోయాడు. అప్పుడే హైమ కళ్ళు మూసుకుని తల అతని భుజం మీద వాల్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ రోజూ, తర్వాతి వారాల్లోనూ అలాగే కూర్చున్నాడు. ఎస్తేరు కూడా తొందరపెట్టకుండా అతన్ని ఊరికే విననిచ్చింది. హైమ తలూపితే తానూ ఊపేవాడు, ఆమె కళ్ళొత్తుకుంటే తానూ ఒత్తుకునేవాడు. మొగుడు వింటున్నాడని ఆమె నమ్మింది. ఇరుగింటావిడ గోడమీదుగా తొంగిచూసి, ప్రతి గురువారం భావన్న మగ్గం ఆగుతోందేమని అడిగితే, రాట్నం తిప్పుతూనే సీతారావమ్మ, "పోగులు తెగినయ్యంట. అతుకుతున్నాడు" అని సర్దిచెప్పింది.

ఆ తర్వాతి గురువారం ఎస్తేరు గొంతు తగ్గించి అడిగింది. "భావనారాయణ గారూ, పాపను చేతుల్లోకి తీసుకున్నది మీరొక్కరే. ఆమె ముఖం ఎలా ఉంది?"

హైమ ఊపిరి ఆగింది, నాకు తెలుసు, ఆ ఊపిరి పడేది నా మీదే. తాను ఏడాదిగా అడగలేని మాట. మొగుడి వైపు చూసింది. ఆమె చూస్తోందని భావన్న వెంటనే తలూపాడు. ఎస్తేరు మళ్ళీ అడిగింది. అతను ఇంకాస్త శ్రద్ధగా తలూపాడు.

హైమ కళ్ళలో మొదట లేచింది కోపమే. అంతలోనే అతని ముఖాన్ని పరీక్షగా చూసి, అతని చెవిలోంచి నా కుడికొసను లాగి తన కుడిచెవిలో పెట్టుకుంది. అందులో ఏమీ లేదు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"మొదటినుంచే."

"మరెందుకు కూర్చున్నావు బావా?"

భావన్న గోడ వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు ఆనుకున్నావుగా."

హైమ పలికే ఎడమకొసను తన చెవిలోంచి తీసి అతని చెవిలో పెట్టింది. బొడిపె దగ్గరకు వంగి, "మళ్ళీ అడగండి మేడం. ఇప్పుడు వింటాడు" అంది.

ఎస్తేరు మళ్ళీ అదే మాట అడిగింది. ఆమె గొంతు ఇప్పుడు భావన్నకే వినబడుతోంది, భావన్న గొంతు హైమకు వినబడుతోంది. అతను విన్నాడు. అమ్మకు వేసిన ఒట్టు గుర్తొచ్చిందేమో, వరండా వైపు ఒకసారి చూశాడు.

"నుదురు నీదే హైమా" అన్నాడు. "జుట్టు ఒత్తుగా ఉంది, తడిసి అంటుకుపోయింది. నోరు కొంచెం తెరిచుంది, ఏదో అడగబోతా ఆగినట్టు. వేళ్ళు పొడుగు. ఆళ్ళు చుట్టిచ్చిన గుడ్డ గరుగ్గా ఉంది. పిల్ల వొళ్ళేమో వెన్నలాగుంది. ఎట్టా పెట్టేది మట్టిలో ఆ గుడ్డతో? ఇంటికొచ్చి కత్తెర పెట్టా. అంచు మొహం పక్కకొచ్చేట్టు చుట్టా."

"ఎలకన్నావుగా" అంది హైమ.

"ఎలక కాదు."

అప్పుడు ఏడ్చారు. హైమ ఏడుపు నాకు అలవాటే. భావన్నది ఎన్నడూ వినలేదు. అది ఏడుపులా లేదు, లోపల ఏదో విరుగుతున్నట్టుంది. నా సూదిమొనంత రంధ్రంలో ఏం పడుతుంది అదంతా? ఇంటి గోడలు దాటి వీధిలోకి వెళ్ళిపోతోంది. కొంగు కుక్కుకోవాలని కూడా హైమకు గుర్తులేదు.

అంతలో ముందుగదిలో మగ్గం కదిలింది. టక. ఆగి, మళ్ళీ టకటక. కాసేపటికి నాడె ఎక్కడో తగులుకుని ఆగింది, మళ్ళీ సాగింది. మోకాళ్ళు వాచి, ఏళ్ళ కిందటే గుంటలో దిగడం మానేసిన సీతారావమ్మ రాట్నం వదిలి మగ్గంలో కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. ఏడవకూడదన్న మనిషే వాళ్ళు ఏడ్చినంతసేపూ నేస్తూనే ఉంది. ఎస్తేరు ఫోను పెట్టేయకుండా అలాగే ఉండి, చాలాసేపటికి ఆ చప్పుడేమిటని అడిగింది. "మా అమ్మ" అని మాత్రం అనగలిగాడు భావన్న.

ఆవిడ నేసిన జానెడు గుడ్డలోనూ అన్నీ తప్పులే. భావన్న విప్పి మళ్ళీ నేస్తాడనుకున్నాను. విప్పలేదు. ఆ చీరను ఇంట్లోనే ఉంచుకున్నారు.

నా కథ అంతటితో సరి. కొత్తవి కొనుక్కున్నారు, తీగ పొడుగైనవి. అయినా వాళ్ళు భుజాలు ఆనించుకునే కూర్చుంటారు. నా ఎడమవైపు కూడా ఆ తర్వాత ఎక్కువకాలం పలకలేదు. ఇప్పుడు అరిగిన నాడెలతో, విరిగిన కండెలతో పాటు మగ్గం పక్కన చెక్కపెట్టెలో ఉన్నాను. మాటలు మోయడానికి పుట్టానని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఒక్క మాటా మోయని నా కుడివైపును ఆ మనిషి అన్ని వారాలు చెవిలో పెట్టుకుని కూర్చున్నాడు. మనుషులు నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు.

మొన్న సీతారావమ్మ కండె కోసం పెట్టె మూత తీసింది. నన్ను చూసి చేతిలోకి తీసుకుని, తీగను చిక్కు విప్పి, చుట్టచుట్టి మళ్ళీ పెట్టింది. హైమ అక్కడే పోగులు అతుకుతోంది. అత్త మూత వేయకుండా, కోడలి వైపు చూడకుండా, నెమ్మదిగా అంది.

"వేళ్ళు పొడుగంట గదే. మా అమ్మ వేళ్ళూ అంతే."