దారానికి కట్టిన ఎముక

మా కొండల ఊరు నారిన్‌లో బడికి కాలం కొలిచే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చినప్పుడు నేను మూతి ముడుచుకున్న మాట నిజమే. దారం, గుండు, గడియారంతో ఇన్నేళ్లు చెప్పిన పాఠానికి ఈ హంగులెందుకని నా గొణుగుడు. నా దగ్గరే చదువుకుని, ఇప్పుడు పక్క గదిలో ఫిజిక్స్ చెబుతున్న జిపార్ మాత్రం వాటి కోసం పడిచచ్చేది.

ఆ రోజు ఆమె బహిరంగ పాఠం. డైరెక్టర్, తోటి టీచర్లం వెనక బెంచీల్లో కూర్చున్నాం. పాఠం పాడైతే ఆమె ఉద్యోగం వేరొకరికిస్తానని డైరెక్టర్ ముందే చెప్పేశాడు.

జిపార్ కంగారులో గుండు వైపు చూడకుండానే లోలకాన్ని వదిలింది. గుండు పెట్టెలోంచి వచ్చే కాంతికి అడ్డొచ్చినప్పుడల్లా అది గుర్తించి, ఒక ఊపుకు పట్టిన కాలాన్ని తెర మీద చూపాలి. చూపింది, కానీ సగం ఊపు కూడా కాకుండానే పూర్తయిందంది. మళ్లీ వదిలితే ఇంకో అంకె. జిపార్ చెవులు ఎర్రబడ్డాయి. పెట్టె తప్పిందని సంబరపడాల్సిన నాకు గుండె జారిపోయింది.

ఆమె వంగి చూసింది. దారానికి ఇనప గుండు లేదు. మా పిల్లలు చుకో ఆటలో విసిరే సాకా, సీసం పోసిన కీలెముక, వేలాడుతోంది.

"ఎవరు కట్టారు?"

ముందు బెంచీలో బురుల్ అనే పిల్ల లేచింది. మా దగ్గర టీచరమ్మను గౌరవంగా ఎజె, అంటే అక్కా, అని పిలుస్తారు. "నేనే, ఎజె. మా తాతది. దీంతో ఆయన ఎప్పుడూ ఓడిపోలేదు. మీరు పొద్దున్నుంచీ భయపడుతున్నారుగా, అందుకని..."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నారు.

జిపార్ ఎముకను వేలితో తిప్పి చూసింది. "అదీ సంగతి. దీనికి రెండు గూనులు, మధ్యలో గుంట. ఒక్కసారి వెళ్తూ కాంతికి రెండుసార్లు అడ్డొస్తోంది. పాపం, పెట్టెకేం తెలుసు?"

తెరను గోడవైపు తిప్పేసింది. ఎముకను మాత్రం విప్పలేదు. "తాతది కదా, ఉండనీ. ముందు మనమే లెక్కపెడదాం. తర్వాత గుండు కట్టి పెట్టెనీ అడుగుదాం. బురుల్, గడియారం నువ్వు చూడు."

"బిర్, ఎకి, ఉచ్..." అని పిల్లలంతా లెక్క అందుకున్నారు. నేనూ గొంతు కలిపాను.

ఊపులు ఆగేలోగా డైరెక్టర్ చెయ్యెత్తాడు. పొద్దుటిదాకా ఆమెను "అమ్మాయ్" అనే పిలిచిన మనిషి.

"నాకు మధ్యలో లెక్క తప్పింది. ఇంకోసారి వదులుతారా, ఎజె?"

జిపార్ నవ్వి, ఎముకను మళ్లీ వదిలింది. నాకు కళ్లు నిండిపోయి, ఈసారి ఒక్క ఊపూ లెక్కపెట్టలేకపోయాను.